ట్యాంకులో పిల్లిమొగ్గ

"ఆ ఒక్క మాట తప్ప ఇంకేదైనా అడుగు," అంటూ ముసలి దర్శకురాలు తలుపు వేసేయబోయింది. బొమ్మలమ్మాయి గుమ్మంలో కాలు అడ్డం పెట్టింది. తలుపు ఆగింది గానీ కాలివేళ్ళు నలిగి ప్రాణం జివ్వుమంది.

దర్శకురాలు కంగారు పడిపోయింది. చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టి, చల్లటి నీళ్ళలో గుడ్డ తడిపి ఇచ్చింది. అలా, ఎవరినీ గడప దాటనివ్వదని పేరున్న ఇంట్లో బొమ్మలమ్మాయి అడుగుపెట్టింది.

ఆమె బొమ్మల కథల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. ఏ సినిమాలు పుస్తకాలుగా తెస్తే బాగుంటుందని ఆ పుస్తకాలు అచ్చువేసే యజమాని అడిగితే తక్కినవాళ్ళంతా నిన్నమొన్నటి సినిమాల పేర్లు చెప్పారు. ఈమె మాత్రం ఆ దర్శకురాలు తీసిన పాత 'పిల్లిమొగ్గ' సినిమాలే కావాలని మంకుపట్టు పట్టింది. గోడలు దూకుతూ దుండగులను ముప్పుతిప్పలు పెట్టే కథానాయిక పిల్లిమొగ్గ అంటే ఆమెకు చిన్నప్పటినుంచీ ప్రాణం.

చిక్కంతా మూడో సినిమా చివరతోనే. దుండగులు పిల్లిమొగ్గ చేతులు వెనక్కి విరిచి కట్టి, మేడ మీది నీళ్ళ ట్యాంకులో పడేసి, పొంగిన నీళ్ళు పోయే గొట్టంలో గుడ్డ కుక్కి, నీళ్ళు వదిలి, మూత బిగించి పోతారు. నీళ్ళు గొంతు దాకా వస్తాయి. మిగతాది నాలుగో సినిమాలో అని తెర మీద పడుతుంది. ఆ నాలుగోది రానేలేదు. రహస్యాన్ని దర్శకురాలు కొంగున ముడేసుకు కూర్చుందని లోకమంతా అనుకునేది. ఆ ముడి విప్పించుకొస్తేనే పుస్తకం, లేకపోతే పాఠకులు మనల్ని ముంచుతారని యజమాని తేల్చేశాడు.

బొమ్మలమ్మాయి ఇక ఆ ప్రశ్న ఎత్తకుండా, గీసి తెచ్చిన బొమ్మలు బల్ల మీద పరిచింది. దర్శకురాలు కళ్ళజోడు తుడుచుకుని వంగి చూసింది.

"ఈ దూకుడు నేను రెండంతస్తుల మీంచి తీయించాను. పదంతస్తులు చేశావే?"

"కాగితం మీద ఎంత ఎత్తయినా ఒకటే ఖర్చు మేడమ్."

దర్శకురాలి మొహం విప్పారింది. ఒక్కో బొమ్మా చూస్తూ అడుగున ఉన్న కట్ట అందుకోబోయింది. బొమ్మలమ్మాయి గబుక్కున చేయి అడ్డం పెట్టి, అవి చూడొద్దని బతిమాలింది. ట్యాంకులో నుంచి పిల్లిమొగ్గ ఎలా బయటపడి ఉంటుందో ఆగలేక తనే ఊహించి గీసుకున్నవని, ఒట్టి పిచ్చిగీతలని చెప్పింది. దర్శకురాలు ఆ చేతిని మెల్లగా పక్కకు తీసింది.

బొమ్మల్లో పిల్లిమొగ్గ కట్ల జోలికీ మూత జోలికీ పోలేదు. పొంగిన నీళ్ళు పోయే గొట్టంలో దుండగులు కుక్కిన గుడ్డను కాలివేళ్ళతో లాగేసింది. నీళ్ళు భళ్ళున గొట్టంలోంచి కిందికి దూకి, అంతస్తంతస్తునా ఆరేసిన బట్టలను తడిపేశాయి. ఇల్లాళ్ళంతా ట్యాంకు పొంగిస్తున్నది ఎవరంటూ కొట్లాటకు పైకొచ్చి, మూత ఎత్తి చూశారు. లోపలినుంచి పిల్లిమొగ్గ దణ్ణం పెట్టే వీల్లేక తల వంచి, క్షమించండమ్మా అంది.

దర్శకురాలు పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. కళ్ళు ఒత్తుకుని మొదటినుంచీ మళ్ళీ చూసింది. ఆపైన ఉన్నట్టుండి లేచి, కిటికీ దగ్గరకు వెళ్ళి అటు తిరిగి నిలబడిపోయింది.

పెద్దావిడ దాచుకున్న కథను తన కోతిచేష్టతో పాడుచేశానేమోనని బొమ్మలమ్మాయి కుమిలిపోయింది. కాగితాలు ఒళ్ళోకి లాక్కుంది.

"తప్పయిపోయింది మేడమ్. మీరనుకున్న అసలు కథ చెప్పండి. ఇవి ఇక్కడే చింపేస్తాను."

దర్శకురాలు ఒక్క అంగలో వచ్చి కాగితాలు లాక్కుని గుండెలకు హత్తుకుంది.

"చింపితే ఊరుకోను. దాన్ని ట్యాంకులో పడేసి మూత వేయించానే గానీ, ఎలా బయటికి తీయాలో తోచకే తల్లీ నేను సినిమాలు మానేసింది."