నురగ లేని చోటు

1992 ఫిబ్రవరి. బొల్లారం దగ్గరి చెరువంతా ఫ్యాక్టరీల నురగ కప్పేసింది. చేపలు పట్టే నర్సన్న ఇంట్లో పొయ్యి వెలగడం కష్టంగా ఉంది.

"నాయినా, గా నడుమ సూడు!" కట్ట మీద నుంచి కూతురు స్వరూప అరిచింది. "నురగ లేదు. ధ్రువం కాడ మంచు సముద్రంల గూడ గిట్లనే నడుమ నీళ్లుంటయంట. ఊపిరి తీస్కోనీకి జీవాలన్ని ఆడికే వస్తయని సారు చెప్పిండు."

"మీ సారేమన్న వల ఏసినోడా ఏంది?" నర్సన్న నవ్వాడు. "మాటైతే నిజమే బిడ్డా. శాపకు గూడ ఊపిరి గావాలె గద."

లారీ ట్యూబు మీద పడుకుని, చేతులతో నురగను తోసుకుంటూ అక్కడికి చేరాడు. వల విసరడానికి లేచి కూర్చున్నాడు. ఘాటుకు దగ్గాడు. అలాగే వల మీదికి ఒరిగిపోయాడు.

శవాన్ని తెచ్చిన ఈతగాళ్ల కాళ్లు ఆ నడుమ నీళ్లకు బొబ్బలెక్కాయి.

దినాలయ్యాక స్వరూప బడికి వెళ్లింది. సారు మంచు సముద్రం పాఠంలోనే ప్రశ్న అడిగారు.

"అంత చలిలో కూడా ఆ నడుమ నీళ్లు ఎందుకు గడ్డకట్టవు?"

దానికి కారణం చెప్పిన రోజు స్వరూప బడికి రాలేదు. అయినా లేచి నిలబడింది.

"కింద కంపెనీ పైపు ఉంటది సార్. ఉడుకునీళ్లు ఇడుస్తరు."