లెక్కలోకి రాని గంట

"కౌన్సెలింగ్ గంటలు మూడు వేలూ నిండాయి మార్లీన్ గారూ. మీరు సంతకం పెడితే నాకు సోషల్ వర్కర్ లైసెన్సు వచ్చేస్తుంది" అంది కోరిన్, కాగితాలు ముందుకు జరుపుతూ.

రెండేళ్లుగా ఆ పిల్లకి పని నేర్పిన మార్లీన్ చివరి పేజీ దగ్గర ఆగిపోయింది.

"గురువారం మూడింటికి కౌన్సెలింగ్‌కి వెండెల్ రావాలి కదా. ఇక్కడ ఇంకెవరి పేరో ఉందేం?"

"వెండెల్ రాలేదండీ. మనిషి ఎదురుగా కూర్చోకపోతే లైసెన్సు బోర్డువాళ్లు ఆ గంట లెక్కెయ్యరు. అందుకని బయట కూర్చున్న ఇంకొకావిడని పిలిచాను."

"అతనికి ఫోన్ చేశావా?"

"తర్వాత చేద్దామనుకున్నాను."

శుక్రవారం పొద్దున వెండెల్ శవాన్ని అతని గ్యారేజీ దూలం నుంచి దించారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఇలా చెయ్యమని నీకెవరు నేర్పారు?" మార్లీన్ గొంతు కరుకైంది.

కోరిన్ తలెత్తి చూసింది. "మీరే. మొదటి వారంలోనే. ఎవరైనా రాకపోతే ఆ గంట వృథా చెయ్యకు, ఇంకొకరిని కూర్చోబెట్టుకో, నా గంటలు నేనూ అలాగే నింపుకున్నానని చెప్పారు."

మార్లీన్ గోడకేసి చూసింది. ఆమె లైసెన్సు అక్కడే, ఇరవై రెండేళ్లుగా అద్దం వెనక వేలాడుతోంది.

అప్పట్లో రానివాళ్ల పేర్లు గుర్తు తెచ్చుకోబోయింది. ఒక్కటీ గుర్తు రాలేదు.