ఆఫీసు గది

“మంచం ఆ చివర పట్టుకో. చూస్తూ నిలబడతావేం?” అన్నాడు భర్త.

“నేను పట్టుకోను. మీ అమ్మ మంచం, మీ అబద్ధం. రెండూ మీరే మోసుకోండి,” అంది భార్య.

ముసలావిడ గుమ్మం దగ్గర నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అది ఆవిడ గదే. తొమ్మిదేళ్ళుగా ఆవిడ పడకా ప్రార్థనా అన్నీ అందులోనే. కానీ కాగితాల్లో మాత్రం ఏడాదిగా అది కొడుకు ఆఫీసు.

కొడుకు భవనాలకు నీళ్ళ పైపుల నక్షాలు గీస్తాడు. కిందటేడు కంపెనీవాళ్ళు, “రేపట్నుంచి నువ్వు మా ఉద్యోగివి కాదు, కాంట్రాక్టరువి. పని అదే, ఇంట్లో కూర్చుని గీసి పంపు. పన్ను నువ్వే కట్టుకో,” అన్నారు. కట్టాల్సిన పన్ను చూసి గుండె జారిపోతే ఆడిటరు దారి చూపించాడు. ఇంట్లో ఒక గది పూర్తిగా ఆఫీసని రాస్తే అద్దెలో మూడో వంతు ఖర్చు కింద పోయి పన్ను తగ్గుతుంది. “పూర్తిగా అంటే పూర్తిగానే. అందులో పిల్లి కూడా పడుకోకూడదు,” అని నవ్వాడు ఆడిటరు. కొడుకు నిజంగా నక్షాలు గీసేది అన్నాలు తినే బల్ల మీద.

ఇప్పుడా గది చూడ్డానికి పన్నుల ఆఫీసరు పదింటికి వస్తున్నాడు. అబద్ధమని తేలితే జరిమానాతో పోదు, కాంట్రాక్టరుగా రిజిస్ట్రేషను రద్దవుతుంది. రిజిస్ట్రేషను లేనివాడికి కంపెనీ ఒక్క గీత పని కూడా ఇవ్వదు.

“అమ్మా, నువ్వు పక్కింట్లో కాసేపు కూర్చో. ఆయన వెళ్ళగానే పిలుస్తా.”

“కూర్చుంటాన్లేరా. కానీ ఎదురుపడి అడిగితే మాత్రం అబద్ధం చెప్పను. ఈ వయసులో దేవుడి దగ్గర కొత్తగా తలొంచుకోలేను.”

“నిన్నెవరడుగుతారమ్మా! నువ్వు ఇంట్లో ఉంటే కదా!”

“ఛీ! కన్నతల్లిని ఇంట్లో లేనిదాన్ని చేసేశారు,” అంది భార్య. “ఆడిటరు చెబితే పెళ్ళాన్ని కూడా ఇనప్పెట్టె అని రాసేస్తారు కాబోలు.”

“రేపు ఇంట్లో బియ్యం లేనప్పుడు ఆ ఛీలే వండిపెట్టు,” అంటూ అతనొక్కడే మంచం ఈడ్చుకెళ్ళాడు. తర్వాత దుప్పటి, నొప్పుల నూనె సీసా, నలిగిన చెప్పులు ఒక్కొక్కటే బయటికి గిరాటేశాడు. అత్తగారి చెప్పు ఒకటి కాళ్ళ దగ్గరికి వచ్చి పడితే కోడలు దాన్ని తీసి రెండోదాని పక్కన పెట్టింది.

పదికి ఇంకా ఇరవై నిమిషాలుండగానే తలుపు చప్పుడైంది. పక్కింటికి వెళ్ళేలోపు కూర చూద్దామని పొయ్యి దగ్గరికెళ్ళిన ముసలావిడ వంటింట్లోనే ఉండిపోయింది.

ఆఫీసరు మర్యాదస్తుడే. గదంతా ఓసారి కలియజూసి, ముక్కు ఎగబీల్చాడు.

“ఏదో నూనె వాసన?”

“నాకు నడుంనొప్పి సార్. పొద్దస్తమానం వంగి గీస్తాను కదా.”

“ఇక్కడేనా గీసేది?”

“ఇక్కడే సార్. ఈ గదిలో ఇంకెవరూ అడుగు కూడా పెట్టరు.”

“ఎంత నున్నగా చెబుతున్నారో విన్నారా అత్తయ్యా!” అని వంటింట్లో కోడలు పళ్ళు కొరికింది. ముసలావిడ కూరలో ఉప్పు వేసిందో లేదో మర్చిపోయి మళ్ళీ రుచి చూసింది.

నక్షాలు చూద్దామని ఆఫీసరు, గదిలో మిగిలిన ముసలావిడ పాత బల్ల సొరుగు లాగాడు. కొడుకు తెచ్చి సర్దిన నక్షాల పక్కన గాజు గ్లాసు, అందులో నీళ్ళలో మునిగి, పైవరసా కిందివరసా మొత్తం కట్టుడు పళ్ళు ఇకిలిస్తున్నాయి. పొద్దుటి హడావిడిలో కొడుకు ఆ గ్లాసును అలాగే లోపలికి తోసేశాడు. ఆఫీసరు చెయ్యి వెనక్కి లాక్కుని మొహం వికారంగా పెట్టాడు.

“ఇవెవరివండీ?”

నావే అనబోయాడు కొడుకు. తెరిచిన నోట్లో ముప్పై రెండూ తళతళమంటున్నాయని గుర్తొచ్చి మూసేశాడు.

“నావి బాబూ,” అని గుమ్మంలోంచి వినిపించింది. బుగ్గలు లోపలికి పోయిన ముసలావిడ చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

“మీరెవరమ్మా?”

కొడుకు కళ్ళతోనే తల్లి కాళ్ళు పట్టుకున్నాడు. ఆవిడ వెనక నిలబడ్డ కోడలు, “చెప్పెయ్యండి అత్త...” అనబోయి, మొగుడి మొహం చూసి ఆగిపోయింది.

“ఈ ఇంట్లో వంట చేస్తాను బాబూ,” అంది ముసలావిడ. అది నిజమే.

“ఓహో, వంటమనిషా!”

“అవును సార్, వంటమనిషే,” అన్నాడు కొడుకు గబగబా. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు నవ్వాడు కూడా. కోడలు మొహం గోడవైపు తిప్పేసుకుంది.

ఆఫీసరు సొరుగు వేలికొసతో మూసి, ఫైలు తెరిచాడు. “మీ కాగితాల్లో పనివాళ్ళెవరూ లేరని రాశారే! ఈవిణ్ణి జీతానికి పెట్టుకున్నారా, కాంట్రాక్టా? ఏదో ఒకటి రాయందే ఫైలు ముయ్యలేను.”

ఆ ప్రశ్నకు ఏం చెప్పాలో ఆడిటరు నేర్పలేదు. కొడుకు నవ్వు మొహం మీదే అతుక్కుపోయింది.

ఆఫీసరు పెన్ను పట్టుకుని, “మీరే చెప్పండమ్మా,” అన్నాడు.

“జీతం ఎరగను బాబూ,” అంది ముసలావిడ. “పొమ్మన్నప్పుడు పోవాలి. దాన్ని మీ కాగితంలో ఏమంటారో మీరే రాసుకోండి.”