కీచురాళ్ళ కొత్త పాటలు

ఈ కుంటలో సంగీతం గురించి నాకన్నా తెలిసిన కప్ప లేదు. నేను పాడితే మా అమ్మే నీళ్ళలోకి దూకేస్తుంది, అది వేరే సంగతి.

తొలకరి రోజున కీచురాళ్ళ బృందం కొత్త పాటలు పాడింది. దాంతో కుంట రెండుగా చీలిపోయింది.

"చెవులు చిల్లులుపడే ఆ పాత జోరేదీ? చల్లబడిపోయారు!" అంది ఎండ్రకాయ.

"ఇన్నాళ్ళకి పాటలో బాధ వినిపించిందన్నా," అంది నత్త.

నాలుగు రోజులకి బృందానికి పెద్దయిన ముసలి కీచురాయి నా దగ్గరికొచ్చింది. "నువ్వు చెప్పరా అల్లుడూ, ఎలా ఉన్నాయి?"

"జోలపాటలు మామా! హాయిగా నిద్రపట్టింది," అన్నాను.

కుంటంతా పగలబడి నవ్వింది. మామ మాత్రం నవ్వలేదు.

ఆ వానాకాలమంతా గట్టు మీద పాట లేదు. నత్త ఇప్పటికీ చీకటిపడగానే అక్కడికెళ్ళి కూర్చుంటుంది.

నిజానికి తొలకరి రోజున నేనింకా బురద అడుగున వేసవి నిద్రలోనే ఉన్నాను. వాళ్ళ పాట ఒక్కటీ వినలేదు.