తండ్రి టోపీ

నాటకం మొదలయ్యేసరికి నా దగ్గర అమ్ముడవని ఒక బస్తా ఉల్లిపాయలు మిగిలాయి. మా వహిగుయా ఊరి సంత నడుమ ఆడుతున్న ఆ నాటకంలో ఒక తండ్రి, పెళ్లికాకుండా కడుపొచ్చిన కూతుర్ని ఇంట్లోంచి గెంటేశాడు.

నాటకం ఆడించేవాడు అక్కడ ఆపి, చూస్తున్న మావైపు తిరిగాడు. "ఈయన బదులు మీరైతే ఏం చేస్తారు? వచ్చి చేసి చూపించండి."

నేను లేచాను.

"ఇప్పుడా లేచేది, రావోగో? కాళ్లకు ఇవాళొచ్చిందా సత్తువ?" అంది మిరపకాయలమ్మే తెనే.

తండ్రి టోపీ పెట్టుకున్నాను. కూతురు వేషం కట్టిన పిల్ల మోకరిల్లింది. "నన్నెక్కడికి పొమ్మంటావు నాన్నా?"

"ఎక్కడికీ వద్దు. లోపలికి రా, సంకటి చల్లారిపోతోంది."

చప్పట్లు మోగాయి. తెనే మాత్రం కొట్టలేదు. నేను గెంటేసిన నా కూతురు పోకో, ఆరేళ్ల కిందట తెనే ఇంట్లోనే కాన్పు కష్టమై చనిపోయింది.

ఉల్లిపాయల బస్తా అలాగే ఉంది. ఆనాటి రాబడి ఒక్కటే. ‘లోపలికి రా’ అనే మాట అనడం ఎంత సులువో తెలిసింది.