రాణి పొట్ట కింది గడ్డ

తెల్లకోటు పడుచు ఒకతె గుమ్మంలోనే కూర్చుని తమ పిల్లి రాణి పొట్ట తడుముతుంటే, యమునాబాయి బీడీల చాట పక్కకు నెట్టి లేచింది.

పేరు శ్వేత అనీ, పశువుల దవాఖానా నుంచి వచ్చాననీ ఆమె మరాఠీలో చెప్పింది. రాణి చన్నుల దగ్గర గడ్డ ఉందట. ఇప్పుడే కోసి తీసేస్తే బతుకుతుందట. గడ్డలోంచి చిన్న ముక్క మాత్రం పరీక్షకు పంపుతుందట.

యమునాబాయి పిల్లిని తన వైపు లాక్కుంది. ఇంట్లో మగ్గం నూలు కండెలను ఎలుకల నుంచి కాపాడే పిల్లి అది. చిన్న కూతురు పూనం దాన్ని పక్కలో వేసుకునే పడుకుంటుంది. ఆ గడ్డ పిల్లకు అంటుకుంటే?

అంటదని శ్వేత నచ్చజెప్పింది.

మరి ముక్క ఎందుకని నిలదీసింది యమునాబాయి.

గడ్డలో ఏ జన్యువులు అతిగా పనిచేస్తున్నాయో, ఏవి పని మానేశాయో చూస్తారట. ఆడవాళ్ల రొమ్ము గడ్డల్లో కొన్నింటిదీ అదే తీరట. దీని గుట్టు తెలిస్తే దానికీ మందు దొరకొచ్చట.

యమునాబాయికి ఒళ్లు మండింది.

సోలాపూర్‌లో మరాఠీవాళ్ల ముందు తిట్టాలంటే అక్కడ స్థిరపడిన మన నేతవాళ్లు తెలుగులోకి దిగుతారు. ఆమె కూడా ఎదురింటి పోచమ్మ వైపు తిరిగింది.

"సూసినవా వదినా? మనం, పిల్లులు ఒక్కటేనంట. గింత సదివి పిల్లి రొమ్ములు కోస్కుంట తిరుగుతుంది, సిగ్గులేనిది."

"రేపు మన ఆడపిల్లలయి గూడ అడుగుతది. ఎల్లగొట్టు," అంది పోచమ్మ.

శ్వేత ముక్క కోసం తెచ్చిన ఐసు డబ్బా మూత పెట్టుకుంది. ఆలస్యం చేయొద్దని మరాఠీలోనే చెప్పి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు గడ్డ పగిలింది. రాణి తిండి మానేసింది. పూనం ఏడుపు చూడలేక యమునాబాయి పిల్లిని బుట్టలో పెట్టుకుని దవాఖానాకు పరుగెత్తింది.

అమోల్ డాక్టరు చూసి పెదవి విరిచాడు. ఊపిరితిత్తులకు పాకిందట. ఇక కోసినా లాభం లేదట.

శ్వేత మేడం ఏదంటే, పని ముగించుకుని పుణె వెళ్లిపోయిందన్నాడు.

యమునాబాయి భయమంతా మళ్లీ కోపమైంది. ఊరంతా పిల్లులుండగా ఆమె తమ గల్లీకే ఎందుకు వచ్చినట్టని అడిగింది.

"ఆమె పుట్టింది మీ గల్లీలోనే," అన్నాడు అమోల్. "మగ్గం నర్సప్ప కూతురు. పుణెలో పెద్దమ్మ పెంచింది. ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు."

యమునాబాయి బుట్టను ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది.

ఏళ్ల కిందట రొమ్ములో గడ్డను సిగ్గుతో దాచుకుని నర్సప్ప భార్య మంచాన పడ్డప్పుడు, ఆమె చంటిబిడ్డకు తన కొడుకుతో పాటు చన్నిచ్చి బతికించింది యమునాబాయే.