అవతలి ఆస్తి

"చెత్త రుసుమా? ఏ చెత్తకమ్మా?" మస్తూరా అరుపుకి పన్నుల కార్యాలయం కిటికీ అద్దం గలగలలాడింది.

కిటికీ వెనక కూర్చున్న కజక్ పిల్ల షోల్పాన్ తలెత్తలేదు. "మా దేశంలో ఆస్తులున్న పరాయి దేశస్థులంతా కట్టాల్సిందే అక్కా. ఇవాళే గడువు. కట్టకపోతే రేపొచ్చి తాళం పెట్టి, వేలం వేసేస్తారు."

"మీ చెత్తబండి ఒక్కనాడైనా మా గుమ్మం తొక్కిందా? ఆ చెత్తంతా నేనే మోసుకుని మా దేశానికి తెచ్చుకుంటున్నాను!"

వరసలో వెనకున్న తోలుకోటు ఆయన పకపకా నవ్వాడు. తాష్కెంటు మనిషి. ఇక్కడ కొండల దగ్గర వేసవికని ఇల్లు కొనుక్కున్నాడట, దాని పన్ను కట్టడానికి వచ్చాడు. "సరిహద్దు దాటించి మరీనా, చెల్లెమ్మా?"

"ఆఁ, దాటించే. నవ్వండి, నవ్వండి. మీ సొమ్మేం పోయింది!"

ఆమెకి ఒళ్లు మండదూ మరి! కోడి కూయకముందే తన ఉజ్బెక్ పల్లెలో బయల్దేరింది. బస్సెక్కి తనిఖీ కేంద్రం దగ్గర దిగింది. బారెడు వరసలో నిలబడి పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుంది. అవతల ఇంకో బస్సు పట్టుకుంది. ఏటా ఇదే యాతన. భూమి పన్ను, ఇంటి పన్ను, పరాయివాళ్లకి నమోదు రుసుము, కాగితాల అనువాదానికి ఒకటి, ఆ అనువాదం సరైనదేనని ముద్ర గుద్దినందుకు ఇంకొకటి. ఈసారి చేతి రుమాలు మూటలో ఉన్నది చలికాలం బొగ్గుల కోసం కూడబెట్టిన డబ్బు.

"రాత్రిళ్లు అందులో ఎవరు పడుకుంటారు?" అడిగింది షోల్పాన్.

"ఎవరూ పడుకోరు. పిల్లి పడుకుంటుంది."

"అయితే ఖాళీ ఇల్లు. ఖాళీ ఇళ్లకి ఈ ఏడు కొత్తగా ఇంకో రుసుము పెట్టారు."

"ఖాళీయా! ఓసి నీ ఇల్లు బంగారం కానూ, అసలు సంగతేమిటంటే..."

"కథలొద్దక్కా. వెనక జనం ఉన్నారు."

ఏ ఏడాదైనా ఇంతే. ఆ మాట పూర్తిగా విన్న పుణ్యాత్ములు ఆ కిటికీ వెనక ఒక్కరూ లేరు.

"ఇంత ఏడ్చేదానివి, పరాయి దేశంలో ఇల్లెందుకు కొన్నావమ్మా?" అన్నాడు కోటాయన.

"నేను కొనలేదు. మా మామగారు కట్టాడు. మట్టి తొక్కి, ఇటుకలు కోసి, తన చేతుల్తోనే."

"ఆ రోజుల్లోనే పరాయి దేశంలో కట్టాడా? ఘటికుడే!"

"ఆ సంగతి ఆయనకే తెలీదు పాపం," అంది మస్తూరా పళ్లు నూరుతూ.

కోటాయన అర్థంకాక గడ్డం గోక్కున్నాడు. ఒక అడుగు ముందుకేసి గొంతు తగ్గించాడు. "నాకమ్మేయ్. ఈ పూటే బయానా ఇస్తాను. నీకూ పీడ విరగడవుతుంది."

మస్తూరా చెయ్యి మూట మీదే ఆగిపోయింది. అమ్మేస్తే బొగ్గులొస్తాయి. ఏటేటా ఇలా పొరుగుదేశం కిటికీ ముందు చేతులు కట్టుకుని నిలబడే ఖర్మా తప్పుతుంది.

"అమ్మేస్తే మేమేం తినాలి?" అంది చివరికి.

"ఓహో! అద్దె బాగానే వస్తోందన్నమాట!"

"అద్దె కాదు, మసి వస్తుంది! మొహానికి పూసుకుంటారా?"

మూట విప్పి నోట్లన్నీ కిటికీలోకి కుమ్మరించింది. షోల్పాన్ లెక్కపెట్టుకుని రసీదు మీద ముద్ర గుద్దింది.

మళ్లీ బస్సు, మళ్లీ వరస, మళ్లీ ముద్ర, మళ్లీ బస్సు. పొద్దు వాలుతుండగా ఇల్లు చేరింది. మొగుడు ఎర్గాష్ వాకిట్లో మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు.

"కట్టేశావా?"

"కట్టాను. బొగ్గుల డబ్బంతా ఊడ్చిపెట్టి కట్టాను. ఇక నీ కబుర్లతోనే చలి కాచుకుందాం."

"అది వదిలేసి ఇంకోటి కట్టుకుందామంటే వినవు గదా."

"దేంతో కడతావు? నీ మీసాలతోనా?"

ఎర్గాష్ మీసం తడుముకున్నాడు. బెరుకు బెరుగ్గా గొణిగాడు. "పొద్దుట్నించీ కడుపులో ఏమీ పడలేదే. కాస్త టీ అయినా..."

"టీ! దొరవారికి టీ కావాలి!"

ఖాళీ కెటిల్ ఒక చేత, పాస్‌పోర్టు ఒక చేత పట్టుకుని, మస్తూరా విసవిసా నడిచి, కొన్నేళ్ల కిందట సరిహద్దని చెప్పి సైనికులు తన వాకిలి నట్టనడుమ గీసిపోయిన తెల్ల సున్నపు గీత దాటి, పరాయి దేశంలో ఉన్న తన వంటింట్లోకి వెళ్లి పొయ్యి రాజేసింది.